టిటికాకా చేపా, చింగ్హై చేపా?

ఎత్తైన చోట్ల ఉండే సరస్సుల్లో బతకడానికి ఈ రెండిటిలో ఏది బాగా సర్దుకుంది? దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల్లో 3,800 మీటర్ల ఎత్తునున్న టిటికాకా సరస్సులో ఒరెస్టియాస్ చేపలు లోతుకొకటి, తిండికొకటి చొప్పున 20కి పైగా జాతులుగా చీలిపోయాయి. టిబెట్ పీఠభూమిపై దాదాపు 3,200 మీటర్ల ఎత్తునున్న చింగ్హై ఉప్పు సరస్సులోని పొలుసుల్లేని కార్ప్ చేపది వేరే దారి. జాతి ఒకటే, మారేది దాని ఒళ్లు. నీటిలో ఆక్సిజన్ పడిపోతే చాలు, మొప్పల రేకుల మధ్య పేరుకున్న కణాలు గంటల్లోనే తగ్గిపోతాయి. మూసుకున్న రేకులు బయటపడి, ఆక్సిజన్ పీల్చుకునే వైశాల్యం బాగా పెరుగుతుంది. ఎంత అద్భుతమైన ఏర్పాటు! పైగా గుడ్లు పెట్టడానికి మంచినీటి నదుల్లోకి ఎదురీదుతుంది. ఉప్పుకీ, మంచినీటికీ రెండింటికీ సర్దుకోగలదన్నమాట.

నా ఓటు ఈ కార్ప్‌కే. వైవిధ్యంలో మాత్రం ఒరెస్టియాస్‌దే పైచేయి. బయటి నుంచి ట్రౌట్ చేపను తెచ్చి వదిలాక ఒరెస్టియాస్‌లలో అతి పెద్దదైన కువియెరి జాతి కనుమరుగైపోవడం నిజంగా బాధాకరం.