ఏపీ యూఎస్ హిస్టరీ తొలి మూడు యూనిట్లు: ఒక తల్లి సమీక్ష

అమెరికా హైస్కూళ్లలో కాలేజ్ బోర్డు అనే సంస్థ రూపొందించిన కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ) కోర్సులు అనేకం ఉన్నాయి. వాటిలో యూఎస్ హిస్టరీకి చదవవలసింది ఎక్కువన్న పేరుంది. మా అమ్మాయి పదకొండో తరగతిలో ఈ కోర్సు తీసుకున్నప్పుడు తొలి మూడు యూనిట్లను ఆమెతో పాటు నేనూ శ్రద్ధగా చదివాను. 1491 నుంచి 1607 వరకు మొదటి యూనిట్, అక్కడి నుంచి 1754 వరకు రెండవది, 1800 వరకు మూడవది. మొత్తం తొమ్మిది యూనిట్లున్నా ఈ సమీక్ష ఆ మూడింటికే పరిమితం. చారిత్రక పత్రాన్ని ఎలా చదవాలో నేర్పడంలో ఈ కోర్సును నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. అయితే పరీక్షను నిర్మించిన తీరు వల్ల 1754కు ముందటి కాలానికి న్యాయం జరగడం లేదని, ఆ లోటును ఇంట్లో పూడ్చుకోక తప్పదని నా అభిప్రాయం.

కథను కొలంబస్ రాకతో కాకుండా అంతకు ముందటి సంవత్సరం 1491తో మొదలుపెట్టడం చాలా మంచి నిర్ణయం. యూరప్ నుంచి ఓడలు వచ్చేనాటికే ఈ ఖండంలో ఎన్నో సమాజాలు స్థిరపడి ఉన్నాయని విద్యార్థి మొదటి వారంలోనే తెలుసుకుంటాడు. మొక్కజొన్న సాగు మెక్సికో నుంచి ఉత్తరానికి పాకి నైరుతి ప్రాంతపు ప్యూబ్లో ప్రజల ఊళ్లకు ఎలా ఆధారమైందో, ఈనాటి ఇల్లినాయ్‌లో మిసిసిపీ నదికి చేరువలో మట్టి దిబ్బల నగరం కహోకియా ఎలా వెలిసిందో తరగతిలో చర్చకు వస్తాయి. మూలవాసులతో స్పెయిన్ ఎలా వ్యవహరించాలన్న విషయంపై 1550-51లో స్పెయిన్‌లోని వల్లడోలిడ్‌లో, మూలవాసుల పక్షాన మాట్లాడిన మతగురువు లాస్ కాసాస్, వారిని లొంగదీయడం న్యాయమేనన్న పండితుడు సెపుల్వేదా జరిపిన వాదం కూడా ఇక్కడే వస్తుంది. పదహారేళ్ల పిల్లలు నిజాయితీగా చర్చించగలిగిన అంశమిది. అయితే బహుళైచ్ఛిక ప్రశ్నల్లో ఈ యూనిట్ వాటా 4 నుంచి 6 శాతం మాత్రమే, అంటే 55 ప్రశ్నల్లో రెండో మూడో.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది రెండవ యూనిట్. 1607లో లాభం కోసం ఒక జాయింట్ స్టాక్ కంపెనీ, అంటే వాటాదారుల పెట్టుబడితో నడిచే సంస్థ, వర్జీనియాలో స్థాపించిన ఇంగ్లిష్ వలస జేమ్స్‌టౌన్ మొదట్లో ఆకలితో, రోగాలతో దాదాపు నశించిపోయే స్థితికి వచ్చి, పొగాకు సాగుతో నిలదొక్కుకుంది. పొగాకుకు మనుషులు కావాలి. ఆ మనుషులు మొదట ఎక్కువగా ఇంగ్లండ్ నుంచి, ఓడ ఖర్చుకు బదులుగా కొన్నేళ్లు పనిచేస్తామని ఒప్పుకుని వచ్చిన పేద కూలీలు. 1619లో వర్జీనియాలో ఎన్నికైన ప్రతినిధుల సభ మొదటిసారి సమావేశమైంది. అదే వేసవిలో అక్కడి పాయింట్ కంఫర్ట్ వద్ద బందీలైన ఆఫ్రికన్లను ఒక ఓడ దింపింది. ప్రజాప్రాతినిధ్యం, బానిసత్వం ఒకే నేల మీద, కొద్ది వారాల తేడాతో మొదలు కావడం గురించి ఏ ఉపాధ్యాయుడైనా కనీసం ఒక పూర్తి తరగతి మాట్లాడాలని నేను కోరుకుంటాను. తల్లి బానిస అయితే బిడ్డ కూడా బానిసేనని 1662లో వర్జీనియా చట్టం చేసింది. 1676లో నథానియల్ బేకన్ నాయకత్వాన, కూలీలు కూడా చేరి సాగించిన తిరుగుబాటు జేమ్స్‌టౌన్‌ను తగలబెట్టింది. 1705 నాటికి బానిస చట్టాలన్నీ ఒక సంహితగా స్థిరపడ్డాయి. ఒప్పందపు కూలీలకు బదులు ఆఫ్రికన్ బానిసలపై ఆధారపడే ఈ మార్పుకు బేకన్ తిరుగుబాటు ఒక్కటే కారణం కాదు. ఇంగ్లండ్ నుంచి వచ్చే కూలీలు తగ్గడం, 1698లో ఇంగ్లండ్‌కు చెందిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీకి ఆ వ్యాపారంపై ఉన్న గుత్తాధిపత్యం తొలగి బానిసల వ్యాపారం విస్తరించడం కూడా దీనికి తోడయ్యాయి. బానిసత్వం ఒక్కరోజులో ఊడిపడినది కాదనీ, లాభం లెక్కలతో చట్టం వెనుక చట్టంగా మనుషులు కట్టుకుంటూ వచ్చిన వ్యవస్థ అనీ విద్యార్థికి అర్థమయ్యే చోటు ఇదే. తర్వాతి యూనిట్లలో వచ్చే అంతర్యుద్ధాన్ని సరిగా అర్థం చేసుకోవాలంటే ఈ పునాది లేకుండా కుదరదు.

ఇంత ముఖ్యమైన కాలాన్ని పరీక్ష ఎలా చూస్తుందో గమనించండి. బహుళైచ్ఛిక ప్రశ్నల్లో రెండవ యూనిట్ వాటా 6 నుంచి 8 శాతం. మొత్తం మార్కుల్లో నాలుగో వంతు ఉండే పత్రాధారిత వ్యాసం, అంటే పిల్లలు డీబీక్యూ అని పిలిచే ప్రశ్న, 1754 నుంచి 1980 మధ్య కాలం నుంచే వస్తుంది. తప్పనిసరిగా రాయవలసిన రెండు లఘు ప్రశ్నల పరిధి కూడా అదే. మూడవ లఘు ప్రశ్నలోనూ దీర్ఘ వ్యాసంలోనూ పాత కాలాన్ని ఎంచుకునే వీలుంది గానీ, దాన్ని వదిలి వేరే కాలం గురించి రాసే వీలు కూడా అంతే ఉంది. మే నెలలో పరీక్ష పెట్టుకుని 1980 తర్వాతి కాలం వరకు పాఠాలు ముగించవలసిన ఉపాధ్యాయుడు 1680 నాటి ప్యూబ్లో తిరుగుబాటును ఒకే స్లైడుతో దాటేస్తే, ఆయన్ను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. పోపే నాయకత్వంలో మూలవాసులు స్పానిష్ వారిని న్యూ మెక్సికో నుంచి తరిమి, 1692లో వారు తిరిగి వచ్చేవరకు తమ నేలను తామే ఏలుకున్న ఆ ఘట్టం అలా గడిచిపోవడం మాత్రం నాకు నిజంగా బాధ కలిగించింది.

మూడవ యూనిట్‌కు వచ్చేసరికి కోర్సు తన బలమంతా చూపిస్తుంది. ఇది అమెరికా వలసలు బ్రిటన్ నుంచి విడిపోయిన కాలం. ఫ్రాన్స్‌తో యుద్ధం వల్ల బ్రిటన్‌కు పెరిగిన అప్పు, వలసవాసులు పడమటికి వెళ్లి స్థిరపడడాన్ని అడ్డుకున్న 1763 నాటి రాజ ప్రకటన, అచ్చు కాగితాలపై పన్ను వేసిన 1765 స్టాంపు చట్టం, తేయాకు అమ్మకంపై 1773 టీ చట్టం ఒకదాని నుంచి ఒకటి ఎలా పుట్టాయో కారణాల గొలుసుగా నేర్పుతారు. తేదీలను బట్టీపట్టినంత మాత్రాన ఇక్కడ మార్కులు రావు. ఏ పత్రం ఎదురైనా అది ఏ పరిస్థితిలో పుట్టింది, ఎవరిని ఉద్దేశించింది, దేనికోసం తయారైంది, అందులో పలికేది ఎవరి దృష్టి అన్న నాలుగు ప్రశ్నలు వేసుకోవడం అలవాటు చేస్తారు. 1770 మార్చి 5న బోస్టన్‌లో బ్రిటిష్ సైనికులు జనంపై జరిపిన కాల్పులపై చిత్రకారుడు పాల్ రివీర్ అచ్చువేసిన చిత్రాన్నే తీసుకోండి. అందులో సైనికులు బారులు తీరి, అధికారి ఆజ్ఞపై, నిరాయుధులపై కాల్పులు జరుపుతున్నట్టు కనిపిస్తారు. వారి వెనుక భవనానికి కసాయి శాల అన్న అర్థం వచ్చే పలక తగిలించి ఉంటుంది. అదే ఘటనపై జరిగిన విచారణలో న్యాయవాది జాన్ ఆడమ్స్ సైనికుల తరఫున వాదించగా, ఆరుగురు నిర్దోషులుగా విడుదలయ్యారు, ఇద్దరిపై మాత్రం హత్య కంటే తక్కువ నేరం రుజువైంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివిన విద్యార్థి వార్తనైనా ప్రచారాన్నైనా ఇకపై అమాయకంగా చూడడు.

డీబీక్యూకు మార్కులు వేసే పద్ధతి కూడా ఈ నైపుణ్యానికి తగ్గట్టే ఉంది. ఏడు పత్రాలు ఇచ్చి ఏడు పాయింట్లకు దిద్దుతారు. వాదన, నేపథ్యం, పత్రాల్లోని ఆధారాలు, బయటి ఆధారం, పత్రం పుట్టుపూర్వోత్తరాల విశ్లేషణ, విషయంలోని సంక్లిష్టతను గుర్తించడం, వీటిలో దేనికెన్ని పాయింట్లో ముందే తెలుసు కాబట్టి, పిల్లలు తమ వ్యాసాన్ని తామే దిద్దుకోవచ్చు. కాలేజ్ బోర్డు ఆన్‌లైన్ వేదిక ఏపీ క్లాస్‌రూమ్‌లో ఉండే చిన్న వీడియోలు, యూనిట్ చివరి పరీక్షలు కోర్సులో చేరినవారికి విడిగా రుసుము లేకుండా అందుతాయి. వీడియోలు పునశ్చరణకు బాగానే పనికొస్తాయి గానీ, మొదటిసారి చదివే పాఠానికి బదులుగా వాటిని వాడకూడదు.

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లిష్ వాక్యాలు చాలా పొడవుగా ఉంటాయి, ఇంట్లో ఇంగ్లిష్ ధారాళంగా మాట్లాడే పిల్లలు సైతం మొదట తడబడతారు. మొదటి రెండు నెలలు రోజూ ఒక పేజీ బిగ్గరగా చదివించి, దాని సారాన్ని సొంత మాటల్లో చెప్పించడం మాకు బాగా ఉపకరించింది. ఈ దేశపు పౌరసత్వ పరీక్షకు సిద్ధమవుతున్న పెద్దలకూ ఈ యూనిట్ మేలు చేస్తుంది. కొత్త రాజ్యాంగాన్ని సమర్థిస్తూ వెలువడిన ఫెడరలిస్ట్ పత్రాలు రాసినవారిలో ఒకరి పేరు చెప్పమని అక్కడ అడుగుతారు. హామిల్టన్, మాడిసన్, జే కలిసి ఆ 85 వ్యాసాలను ఎందుకు రాయవలసి వచ్చిందో ఇక్కడ తెలుస్తుంది.

విస్తారంగా చదవడానికి, వారానికో వ్యాసమైనా రాయడానికి సిద్ధపడే విద్యార్థికి ఈ కోర్సును నిస్సందేహంగా సూచిస్తాను. కేవలం కాలేజీ దరఖాస్తులో ఏపీ సంఖ్య పెంచుకోవడం కోసమైతే బడిలో మామూలు హిస్టరీ తరగతి మేలు. పరీక్షకు దాదాపు 100 డాలర్ల రుసుము ఉంటుంది, ఆర్థిక ఇబ్బంది ఉన్న కుటుంబాలకు తగ్గింపు దొరుకుతుంది. 5కు ఎంత స్కోరు వస్తే క్రెడిట్, అంటే కాలేజీలో ఆ కోర్సు చదివినట్టు గుర్తింపు, ఇస్తారన్నది ఒక్కో కాలేజీలో ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి ముందుగా చూసుకోవాలి. చేరాలని నిర్ణయించుకున్నవారు బడి తెరవకముందే, వేసవిలోనే, తొలి రెండు యూనిట్లు తీరిగ్గా చదివించండి. మూడవ యూనిట్ నాటికి నేషనల్ ఆర్కైవ్స్ వారి ఫౌండర్స్ ఆన్‌లైన్ సైటును పరిచయం చేయండి. వాషింగ్టన్, ఫ్రాంక్లిన్, జెఫర్సన్ మొదలైనవారి ఉత్తరాలు అందులో ఉచితంగా లభిస్తాయి. కొత్త చట్టాలు రాసేటప్పుడు స్త్రీలను మరవవద్దని 1776 మార్చి 31న అబిగైల్ ఆడమ్స్ తన భర్త జాన్ ఆడమ్స్‌కు రాసిన ఉత్తరాన్ని పూర్తి పాఠంతో చదివాక, ఆ నాలుగు ప్రశ్నలకూ మా అమ్మాయి ఎవరూ అడగకుండానే జవాబులు రాసుకుంది.