సముద్రం పక్కన కత్తికి ఏ పూత మేలు?

విశాఖలో కార్బన్ స్టీలు కత్తి చేసేవాడికి మొదటి శత్రువు ఉప్పుగాలి. గాజువాక ఆటోనగర్‌లో కొన్న పాత లారీ కమాన్ పట్టీని సాగగొట్టి, సానపట్టి, రాత్రి బల్ల మీద వదిలేస్తే తెల్లారేసరికి గోధుమరంగు చుక్కలు లేస్తాయి. అందుకే ఓవెన్‌లో కాల్చి గట్టిపరిచే పూతలు మూడు వాడి చూశాను: పౌడర్ కోటింగ్ (రంగు పొడిని చల్లి వేడికి కరిగించే పూత), సెరకోట్ లాంటి సిరామిక్ పూత, అవిసె నూనె.

పూతను నేను రంగు చూసి ఎంచను, అది అడిగే వేడి చూసి ఎంచుతాను. ఎర్రగా కాల్చి నూనెలో ముంచిన ఉక్కు పెళుసుగా ఉంటుంది. ఆ పెళుసుదనం తగ్గడానికి దాన్ని 200 డిగ్రీల దగ్గర రెండేసి గంటలు రెండుసార్లు వేడిచేస్తాను, దీన్నే టెంపర్ చేయడం అంటారు. ఆ తర్వాత అంతకు మించిన వేడి తగిలితే గట్టిదనం తగ్గుతుంది, పదును నిలవదు.

పౌడర్‌కు కావలసింది 180 నుంచి 200 డిగ్రీలు. ఇంటి ఓవెన్ ముల్లు చూపే వేడికీ లోపలి వేడికీ ఇరవై డిగ్రీల తేడా మామూలే కాబట్టి ఇది ప్రమాదపు గీత మీద నడక. పైగా పొర మందం 60–80 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). కోసేటప్పుడు పట్టేస్తుంది, దెబ్బ తగిలితే పెచ్చు లేస్తుంది. గేట్లకు, గ్రిల్స్‌కు ఎంతో మంచిది. కత్తికి వద్దు.

సిరామిక్ పూత 121 డిగ్రీల దగ్గర రెండు గంటల్లో, లేదా 149 దగ్గర గంటలో గట్టిపడుతుంది. టెంపర్‌కు చాలా దూరం. మందం 25 మైక్రాన్ల లోపే. కష్టమంతా ముందు పనిలో ఉంది. నున్నటి ఉక్కును ఇది పట్టుకోదు, బ్లాస్టింగ్‌తో, అంటే గాలి ఒత్తిడితో గట్టి రేణువులు కొట్టి, గరుకు చేయాలి. అందుకు వాడే గార్నెట్ మన భీమిలి తీరపు ఇసుకలో ఉన్న ఖనిజమే. అలాగని బీచ్ ఇసుక తెచ్చి కొట్టకండి. అందులోని ఉప్పు ఉక్కులో దాగి పూత కిందే తుప్పు పుట్టిస్తుంది, సిలికా దుమ్ము ఊపిరితిత్తులను తినేస్తుంది. బ్లాస్టింగ్ తర్వాత ఎసిటోన్‌తో జిడ్డు వదిలించి, పూత వేయకుండానే ఒకసారి వేడిచేస్తే మిగిలిన నూనె పైకి తేలుతుంది, మళ్లీ కడగాలి. ఇక చేతికి తొడుగు లేకుండా ముట్టకూడదు. నా మొదటి కత్తిని పిడి దగ్గర బొటనవేలితో పట్టుకున్నాను. పదిహేను రోజులకు సరిగ్గా వేలిముద్ర ఆకారంలోనే పూత ఊడింది. ముఖానికి మాస్కు తప్పనిసరి. ఆ ఓవెన్‌లో మళ్లీ తిండి వండకూడదు.

అవిసె నూనెకు ఈ హంగులేవీ అక్కర్లేదు. కడిగి ఆరబెట్టిన కత్తికి పలచగా రాసి, గుడ్డతో దాదాపు తుడిచేసి, 180 దగ్గర గంటసేపు ఉంచాలి. నాలుగైదు సార్లు చేస్తే దోసె పెనం మీది నలుపు వస్తుంది. పులుపు పడదు. ఆవకాయకు మామిడికాయలు కొట్టిన రోజున ఆ నలుపు మచ్చలుగా కరిగిపోతుంది. అయినా వంటింటి కత్తికి నేను ఇదే వేస్తాను. పోయిన చోట ఇంట్లోనే మళ్లీ రాసుకోవచ్చు, ఊడినా కూరలో రంగు పెచ్చు పడదు.

ఫిషింగ్ హార్బర్ కత్తికి మాత్రం సిరామిక్కే. రోజంతా ఉప్పునీళ్లలో నానేదాన్ని నూనె పూత కాపాడలేదు. కోనాం చేపలు కోసే ఒక అక్కకు అలాంటి కత్తి చేసిచ్చాను. రెండు నెలల తర్వాత చూపించి, "ఒళ్లంతా బాగుంది తమ్ముడూ, తుప్పు అంచుకే పడతంది" అంది. నిజమే. సానపట్టగానే అంచు మీది పూత పోతుంది, ఏ పూతైనా అంతే. ఇప్పుడు ఆమె ఇంటికెళ్లేముందు మంచినీళ్లతో కడిగి, తుడిచి, అంచుకు కొబ్బరినూనె రాస్తోంది. నేనూ ప్రతి కత్తితో పాటు నూనె గుడ్డ ఒకటి ఇస్తున్నాను.