గేర్ బిరడలు: కొన్ని షికాగో చలికాలాలు వాడాక

నా వయొలిన్‌కి తీగలు చుట్టి బిగించే కర్ర బిరడలు తీయించి, లోపల గేర్లుండే విట్నర్ ఫైన్‌ట్యూన్ బిరడలు పెట్టించుకుని ఏళ్ళయింది. వారమంతా స్కూల్లో పిల్లలకి వయొలిన్, చెల్లో నేర్పుతాను. శనివారాలు యూత్ ఆర్కెస్ట్రా కండక్ట్ చేస్తాను. వీలున్నప్పుడు త్యాగరాజ ఆరాధనల్లో, చిన్న కచేరీల్లో పక్కవాద్యం వాయిస్తాను. మూడింట్లోనూ నా టైమంతా తినేసేది శ్రుతి చేసుకోవడమే. అందుకే ఈ బిరడలంటే అంత ప్రాణం.

ఇక్కడ చలికాలం ఇంట్లో హీటర్ వేస్తే గాలిలో తడి ఉండదు. కర్ర కుంచించుకుపోయి బిరడ పట్టు వదిలేస్తుంది. సెలవుల తర్వాత జనవరిలో మొదటి రిహార్సల్ అంటే నాకు టెన్షనే. ఓ ఏడాది సెకండ్ వయొలిన్స్‌లో ఒకమ్మాయి పెట్టె తెరిచేసరికి నాలుగు తీగలూ వదులైపోయి, వాటిని ఎత్తిపట్టే చిన్న చెక్క, అదే బ్రిడ్జి, వెల్లకిలా పడి ఉంది. పాపం, వయొలిన్ విరిగిపోయిందనుకుని ఏడుపు ఒక్కటే తక్కువ. బ్రిడ్జి నిలబెట్టి, బిరడలకి సుద్ద రాసి, లోపలికి నొక్కుతూ ఒక్కో తీగా బిగిస్తుంటే రెండోది బిగించేలోపు మొదటిది జారుతోంది. నా వెనక అదే అవస్థతో ఇంకో నలుగురు లైన్లో నిలబడ్డారు. స్కూలు వయొలిన్లలాగే నాదీ సెలవులంతా ఆ గదిలోనే ఉంది. తీసి చూస్తే ఎ తీగ ఒక్క పిసరు దిగింది, అంతే. రెండు వేళ్ళతో తిప్పి సరిచేసి, అందరూ శ్రుతి కలుపుకునే ఎ స్వరం (440 హెర్ట్జ్) నా వయొలిన్ మీదే ఇచ్చాను.

ఇందులో కిటుకు ఏమిటంటే, బయటి తొడుగు కర్రలో కదలకుండా ఉంటుంది, తిరిగేది లోపలి భాగమే. బిరడ తల ఎనిమిదిన్నర చుట్లు తిప్పితే తీగ చుట్టుకునే భాగం ఒక్క చుట్టు తిరుగుతుంది. అందుకే తీగల కింది కొసన టెయిల్‌పీస్ మీద ఉండే, శ్రుతిని పిసరంత సరిచేసే చిన్న మరలు, ఫైన్ ట్యూనర్లు కూడా నేను తీసేశాను.

ఆ ఎనిమిదిన్నరతోనే ఇబ్బందీ ఉంది. కొత్త తీగ వేయాలంటే తిప్పి తిప్పి చెయ్యి నొప్పెడుతుంది. వెస్టర్న్ శ్రుతి నుంచి మన కర్ణాటక సంగీతపు స-ప-స-పకి దింపాలన్నా, మళ్ళీ ఎక్కించాలన్నా అదే తంతు. గాయకుడు వేదికెక్కాక శ్రుతి అరకట్ట (ఒక అర మెట్టు) తగ్గిద్దామంటే చకచకా దింపేసే సుఖం కర్ర బిరడల్లోనే ఉంది. కచేరీలకి వాడే నా ఇంకో వయొలిన్‌కి నేను ఇప్పటికీ ఎబొనీ కర్ర బిరడలే ఉంచాను. పిల్లల విషయంలోనూ మొదట్లో ఉన్నంత హుషారు ఇప్పుడు లేదు. వీటికే అలవాటుపడ్డ పిల్లల చేతికి స్కూలు వయొలిన్ ఇస్తే, బిరడని నొక్కుతూ తిప్పడం చేతకాక తీగ తెంపేస్తున్నారు. అది కూడా నేర్చుకోవాల్సిన పనే కదా.

హీటర్ల ఊళ్ళో ఉంటూ ఒకే శ్రుతిలో వాయించేవాళ్ళకి మాత్రం ఈ గేర్ బిరడలు పెట్టించుకోమని నేను ధైర్యంగా చెబుతాను. విశాఖ లాంటి చోట సముద్రపు తేమకి బిరడలు ఉబ్బి బిగుసుకుంటాయి, జారడం తక్కువ. అక్కడ ఇంత ఖర్చు అవసరమో కాదో మీ వయొలిన్ చూసే చెప్పాలి. బిగించే పని మాత్రం వయొలిన్లు బాగుచేసేవాళ్ళకే ఇవ్వండి, రంధ్రం కొలత సరిగ్గా కుదరాలి. పిల్లలింకా ముప్పావు సైజు వాయిస్తుంటే ఫుల్ సైజుకి వచ్చేదాకా ఆగండి.