హోం థియేటర్‌కు ఏది మేలు: టీవీలోని యాప్‌లా, ఫైర్ టీవీ స్టిక్కా, ఆపిల్ టీవీనా, షీల్డా?

ఏవీ రిసీవర్ (శబ్దాన్ని స్పీకర్లకు పంచి, చిత్రాన్ని టీవీకి పంపే పెట్టె), ఐదు స్పీకర్లు, సబ్‌వూఫర్, పెద్ద 4కె టీవీ అన్నీ అమర్చుకున్నాక, సినిమాను ఇంటర్నెట్ నుంచి అందించే చిన్న పరికరం విషయానికి వచ్చేసరికి చాలామంది ధర చూసి కొనేస్తారు. నా ఉద్దేశంలో ముందు చూడవలసింది ధర కాదు, ఆ పరికరం నుంచి శబ్దం రిసీవర్‌కు ఏ దారిలో చేరుతుందన్నది. ఆ దారి సరిగా లేకపోతే పదిహేను వేల పరికరమైనా ఐదారు వేల దానికంటే మెరుగ్గా పలకదు.

దారులు రెండే. పరికరాన్ని నేరుగా రిసీవర్ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌కు కలిపి, చిత్రాన్ని అక్కడి నుంచి టీవీకి పంపడం ఒకటి. పరికరాన్ని టీవీకి కలిపి, శబ్దాన్ని టీవీలోని ఆర్క్ (శబ్దాన్ని వెనక్కి పంపగల హెచ్‌డీఎంఐ పోర్టు) లేదా దాని మెరుగైన రూపమైన ఈఆర్క్ ద్వారా రిసీవర్‌కో సౌండ్‌బార్‌కో వెనక్కి తెచ్చుకోవడం రెండోది. ఓటీటీల్లో వచ్చే డాల్బీ అట్మాస్ (చుట్టూ, పైనుంచీ వినిపించే శబ్దం) సాధారణంగా డాల్బీ డిజిటల్ ప్లస్ రూపంలో కుదించి ఉంటుంది కనుక, టీవీ దాన్ని పంపగలిగితే మామూలు ఆర్క్ కూడా సరిపోతుంది. బ్లూరే డిస్కుల్లో నాణ్యత తగ్గకుండా ఉండే డాల్బీ ట్రూహెచ్‌డీ శబ్దం మాత్రం ఆర్క్‌లో పట్టదు; దానికి ఈఆర్క్ గానీ, రిసీవర్‌కు నేరుగా కనెక్షన్ గానీ తప్పదు.

టీవీలోని యాప్‌లతోనే సరిపెట్టుకోవడం సౌండ్‌బార్ ఉన్న ఇంటికి తప్పేమీ కాదు. అయితే టీవీ తెర పదేళ్లు పనిచేసినా అందులోని ప్రాసెసర్ అంతకాలం యాప్‌ల బరువు మోయలేదు. కొన్నేళ్లకు అప్‌డేట్లు ఆగిపోతాయి, యాప్‌లు తెరుచుకోవడానికే ఆలస్యమవుతుంది. అప్పుడు టీవీ మార్చనక్కరలేదు, బయటి పరికరం ఒకటి తగిలిస్తే చాలు.

ఎక్కువ ఇళ్లకు నేను చెప్పేది 4కె ఫైర్ టీవీ స్టిక్. వెలుగునీడలను, రంగులను మరింత బాగా చూపే హెచ్‌డీఆర్‌లోని రెండు రకాలు, డాల్బీ విజన్, హెచ్‌డీఆర్10 ప్లస్, ఇందులో ఉన్నాయి. టీవీ కంపెనీల్లో శాంసంగ్ డాల్బీ విజన్ ఇవ్వదు, ఎల్‌జీ హెచ్‌డీఆర్10 ప్లస్ ఇవ్వదు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. అట్మాస్‌ను డాల్బీ డిజిటల్ ప్లస్‌గా యథాతథంగా పంపుతుంది కాబట్టి మామూలు ఆర్క్‌తోనూ పని జరుగుతుంది. హోం స్క్రీన్ నిండా ప్రకటనలు ఉండటం దీని పెద్ద లోపం.

ఆపిల్ టీవీ 4కె 2022 మోడల్ మన దేశంలో 14,900 రూపాయలకు వచ్చింది. ఈథర్‌నెట్ పోర్టు ఉన్న 128 జీబీ రకం 16,900. ప్రకటనల గొడవ తక్కువ, వేగం ఎక్కువ. దీని అసలు గొప్పతనం మాత్రం సెట్టింగ్స్‌లోని ‘మ్యాచ్ కంటెంట్’లో ఉంది. మన సినిమాలు సెకనుకు 24 ఫ్రేములతో, టీవీ సీరియళ్లు 25 ఫ్రేములతో తయారవుతాయి. వాటిని 60 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 60 సార్లు మారే తెరపై చూపిస్తే కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగే దృశ్యాల్లో చిత్రం సన్నగా తడబడుతుంది. ఫ్రేమ్ రేట్ కలిపే ఈ అమరిక ఆన్ చేస్తే తెర ఒకటి రెండు క్షణాలు నల్లబడి, ఆ తర్వాత కదలిక నున్నగా సాగుతుంది. ఫైర్ టీవీలోనూ ఇలాంటి అమరిక ఉంది గానీ, దాన్ని పట్టించుకోని యాప్‌లు ఉన్నాయి. ఒక హెచ్చరిక: ఆపిల్ టీవీ అట్మాస్‌ను విప్పి పీసీఎం (కుదించని శబ్దం) రూపంలో పంపుతుంది. కాబట్టి టీవీకి ఈఆర్క్ లేకుండా దీన్ని టీవీకే కలిపితే సాధారణంగా అట్మాస్ దక్కదు. రిసీవర్‌కు నేరుగా కలపగలిగిన వారికే ఇది పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది.

సొంత డిస్కుల నుంచి తీసుకున్న పెద్ద ఫైళ్లను హార్డ్‌డిస్కులో దాచుకుని చూసేవారికి పై రెండూ చాలవు, ట్రూహెచ్‌డీని అవి యథాతథంగా పంపవు. అక్కడ ఎన్‌విడియా కంపెనీ ఆండ్రాయిడ్ టీవీ పెట్టె షీల్డ్ టీవీ ప్రోదే పైచేయి. 2019 నాటిదైనా రెండు యూఎస్‌బీ 3.0 పోర్టులు, గిగాబిట్ ఈథర్‌నెట్ దీని బలం. అమెరికాలో ఉన్న మనవాళ్లకు తేలిగ్గా దొరుకుతుంది. ఓటీటీలు మాత్రమే చూసేవారు దీనికోసం తాపత్రయపడనక్కరలేదు.

ఇక ఇబ్బందులు. స్టిక్ ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతుంటే ముందుగా కరెంటు ఎక్కడి నుంచి తీసుకున్నారో చూడాలి. టీవీ వెనక యూఎస్‌బీ పోర్టు చాలాసార్లు అర ఆంపియరే ఇస్తుంది. డబ్బాలో వచ్చిన అడాప్టర్‌ను గోడ ప్లగ్గుకు పెడితే ఈ రోగం చాలావరకు కుదురుతుంది. బఫరింగ్ వస్తుంటే స్టిక్ టీవీ వెనక రేకుకు అతుక్కుని ఉందేమో చూసి, దానితో వచ్చిన చిన్న హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్‌తో బయటికి తీయాలి, వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చాలి. 4కెకు 15 ఎంబీపీఎస్ చాలని నెట్‌ఫ్లిక్సే చెబుతోంది కాబట్టి పెద్ద ప్లాన్ కొనడం చివరి ఆలోచనగా ఉండాలి.

4కె రాక 1080పీ (ఫుల్ హెచ్‌డీ) దగ్గరే ఆగిపోతే అనుమానించవలసింది పాత రిసీవర్‌ను. హెచ్‌డీసీపీ 2.2 (సినిమా కాపీ కాకుండా కాపాడే ఏర్పాటు) లేని రిసీవర్ మధ్యలో ఉంటే ఓటీటీలు 4కె ఇవ్వవు. అప్పుడు పరికరాన్ని టీవీకే కలిపి శబ్దాన్ని ఆర్క్‌తో తెచ్చుకోవాలి. నెట్‌ఫ్లిక్స్‌లో 4కె, అట్మాస్ ప్రీమియం ప్లాన్‌కే వస్తాయన్నదీ ఒకసారి సరిచూసుకోవాలి. హెచ్‌డీఆర్ అసలు రాకపోతే లోపం తరచుగా టీవీ అమరికలోనే ఉంటుంది: ఆ పోర్టుకు ఎల్‌జీలో ‘అల్ట్రా హెచ్‌డీ డీప్ కలర్’, శాంసంగ్‌లో ‘ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్’, సోనీలో హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్‌ను ‘ఎన్‌హాన్స్‌డ్’గా మార్చాలి. ఆ తర్వాతా తెర మినుకుమినుకుమంటుంటే 18 జీబీపీఎస్ మోయగల ప్రీమియం హై స్పీడ్ కేబుల్ వేయాలి. పెదవుల కదలికకూ మాటకూ పొత్తు కుదరకపోతే ముందు టీవీని గేమ్ మోడ్‌లో పెట్టి చూడాలి. తేడా పోతే ఆలస్యం టీవీ పిక్చర్ ప్రాసెసింగ్‌ది. అప్పుడు మామూలు మోడ్‌కు తిరిగి వచ్చి, రిసీవర్ ‘లిప్ సింక్’లో మిల్లీసెకన్లు కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి.