నలభై ఐదు దాటిన ఆడవాళ్లలో షుగరు ఎంతమందికి: ఏ పరీక్షతో లెక్క తీస్తే మేలు?

2023లో వెలువడిన, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) జరిపించిన ఐసీఎంఆర్–ఇండియాబ్ సర్వే మన దేశంలో షుగరు ఉన్నవాళ్లు సుమారు 10.1 కోట్లని చెప్పింది. మరుసటి ఏడాది ఎన్‌సీడీ–రిస్క్ అనే అంతర్జాతీయ పరిశోధక బృందం 21.2 కోట్లంది. ఈలోగా జనం రెట్టింపు కాలేదు, కొలబద్ద మారింది. మొదటి సర్వే పరగడుపు చక్కెరనూ, గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు ఉండే చక్కెరనూ చూసింది. రెండో లెక్క పరగడుపు చక్కెరతో పాటు హెచ్‌బీఏ1సీని, అంటే మూడు నెలల సగటు చెప్పే పరీక్షను, కలుపుకుంది. కాబట్టి ఒక మండలంలో 45 ఏళ్లు దాటిన ఆడవాళ్ల లెక్క తీయాలనుకునేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఏ పరీక్ష చేయాలన్నదే.

అన్నిటికంటే చవకైన పద్ధతి అడిగి రాసుకోవడం. "షుగరుందా అమ్మా?" అంటే "నాకేం లేదు, బానే ఉన్నా" అనేస్తారు. "డాక్టరు గానీ నర్సు గానీ మీకు షుగరుందని ఎప్పుడైనా చెప్పారా? బిళ్లలు వేసుకుంటున్నారా? ఆ అట్ట ఒకసారి చూపిస్తారా?" అని అడగాలి. ఎంత బాగా అడిగినా, పరీక్షే చేయించుకోని మనిషికి తన జబ్బు సంగతి తెలియదు. ఇంట్లో అందరినీ ఆసుపత్రికి పంపి తను మాత్రం ఆగిపోయే ఆడమనిషి ఈ లెక్కలో ఆరోగ్యవంతురాలిగా నమోదవుతుంది. ఉదాహరణకు, జబ్బున్న 100 మందిలో 60 మందికే ఆ సంగతి తెలుసనీ, లేనివాళ్లలో 100కి ఒకరు పొరపాటున ఉందంటారనీ అనుకుందాం. అప్పుడు సర్వేలో 13 శాతం వస్తే, పొరపాటు ఒక శాతాన్ని 13లోంచీ 60లోంచీ తీసేసి, 0.12ను 0.59తో భాగించగా వచ్చే సుమారు 20 శాతమే అసలు సంఖ్య. ఈ దిద్దుబాటు చేయకుండా 13 అని అచ్చేస్తే, మందుల కోటా దగ్గర్నుంచి నర్సుల కేటాయింపు దాకా అన్నీ తక్కువ పడతాయి.

వేళాపాళా చూడకుండా వేలి చుక్కతో కొలవడం రెండో దారి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చేసింది ఇదే. 15 ఏళ్లు దాటినవాళ్లలో 140 మి.గ్రా. మించితే ఎక్కువ, 160 మించితే మరీ ఎక్కువ అని విడదీసింది. పెద్ద ఎత్తున చేయడానికి వీలైన పద్ధతే, కానీ అది రోగ నిర్ధారణ కాదు. అన్నం తిన్న గంటకు 150 చూపిన ఆరోగ్యవంతురాలు ఇందులో పడుతుంది, పొద్దుటి నుంచి ఏమీ తినని షుగరు మనిషి తప్పించుకుంటుంది. పైగా మామిడిపండు కోసిన చేతిని సబ్బుతో కడగకుండా గుచ్చితే మీటరు పండులోని చక్కెరను కూడా కొలుస్తుంది. రక్తం తక్కువగా ఉన్నవాళ్లలో చాలా మీటర్లు అసలు కంటే ఎక్కువ చూపిస్తాయి.

హెచ్‌బీఏ1సీకి పరగడుపు అక్కర్లేదు, రోజులో ఎప్పుడైనా తీయొచ్చు, 6.5 శాతం నుంచి షుగరు కింద లెక్క. వినడానికి ఇదే మేలనిపిస్తుంది. అయితే ఆ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి రక్తహీనత తేలింది. ఇనుము లోపం ఉంటే ఎర్ర కణాలు ఎక్కువ కాలం తిరుగుతాయి, వాటికి చక్కెర ఎక్కువ అంటుకుంటుంది, చక్కెర పెరగకపోయినా హెచ్‌బీఏ1సీ పెరుగుతుంది. ఇనుము బిళ్లలు వాడాక మళ్లీ దిగుతుంది. నెలసరి అతిగా అయ్యే 45–50 ఏళ్లవాళ్ల దగ్గర ఈ చిక్కు మరీ ఎక్కువ. ఈమధ్య రక్తం ఎక్కించుకున్నా, ఎర్ర కణాలు త్వరగా విరిగే జబ్బున్నా తిరగబడి తక్కువ వస్తుంది. అందుకే హిమోగ్లోబిన్ కొలవకుండా హెచ్‌బీఏ1సీ ఒక్కదానితో మన ఊళ్ల ఆడవాళ్ల లెక్క చెప్పడం తప్పు.

పరగడుపు చక్కెర ఒక్కటే (126 నుంచి) తీసుకుంటే? పెద్ద వయసు ఆడవాళ్లలో చాలామందికి పరగడుపు మామూలుగా ఉండి, తిన్న తర్వాతే పెరుగుతుంది. వాళ్లంతా జారిపోతారు.

శ్రమ ఎక్కువైనా మా ఓటు రెండు గంటల పరీక్షకే. తెల్లవారుజామున వెళ్లాలి, ఆలస్యమైతే వాళ్లు ఉపాధి పనికో కూలికో వెళ్లిపోతారు. పన్నెండింటికి వెళ్తే ఇంట్లో ఉండేవాళ్లే దొరికి లెక్క వాళ్ల వైపు ఒరిగిపోతుంది. "ఏమైనా తిన్నారా" అని మాత్రమే అడగొద్దు. టీ తాగడం తినడం కిందికి రాదని చాలామంది లెక్క, కాబట్టి "టీ గానీ పాలు గానీ తాగారా" అని విడిగా అడగాలి. పొడిగా అమ్మే గ్లూకోజులో నీటి అణువు కలిసే రకమైతే 75 గ్రాములకు బదులు 82.5 గ్రాములు తూచి, 250–300 మి.లీ. నీళ్లలో కలిపి, 5 నిమిషాల్లో తాగించాలి. మొదటి గుక్క నుంచే గడియారం. ఆ రెండు గంటలూ నడవడం, తినడం వద్దు. వాంతయితే ఆ రోజు లెక్క వదిలేయాలి. నరం నుంచి తీస్తే 200, వేలి చుక్కతో అయితే ఇండియాబ్ పాటించిన 220 గీత. ఇప్పటికే బిళ్లలు వాడుతున్నవాళ్లకు గ్లూకోజ్ తాగించనక్కర్లేదు, నేరుగా షుగరున్నవాళ్లలో వేయాలి.

నరం రక్తాన్ని మామూలు ట్యూబులో వదిలేస్తే గంటకు 5–7 శాతం చక్కెర కరిగిపోతుంది. బూడిదరంగు మూత ఫ్లోరైడ్ ట్యూబు కూడా మొదటి గంటా రెండు గంటల నష్టాన్ని పూర్తిగా ఆపదు, ఐసులో పెట్టి వెంటనే రక్తకణాలను వేరు చేయాలి. ఆ సదుపాయం లేని ఊళ్లో మంచి మీటరుతో వేలి చుక్కే నయం.

డబ్బు పరిమితమైతే అందరికీ పరగడుపు, రెండు గంటల వేలి చుక్క. ప్రతి ఐదో మనిషికి నరం రక్తంతో హెచ్‌బీఏ1సీ, హిమోగ్లోబిన్. జబ్బు 20 శాతం ఉంటుందనుకుని అటూ ఇటూ 3 శాతం తేడాతో చెప్పాలంటే 683 మంది కావాలి. ఊళ్ల వారీగా గుంపులుగా తీస్తాం కనుక దాన్ని రెట్టింపు చేసి 1,366, పదిశాతం మంది రారనుకుంటే సుమారు 1,520 మందిని పిలవాలి. వైద్య శిబిరానికి వచ్చినవాళ్లతో ఈ సంఖ్య నింపకూడదు, అనుమానం ఉన్నవాళ్లే వస్తారు. ఓటర్ల జాబితా నుంచి చీటీ తీసినట్టు ఎంచాలి, తలుపు వేసి ఉంటే పక్కింటికి పోకుండా మూడుసార్లు తిరిగి రావాలి. ఫలితాన్ని 45–54, 55–64, 65 పైన అని విడివిడిగా చెబితేనే, ముసలివాళ్లు ఎక్కువున్న ఊరిని మరో ఊరితో పోల్చడం కుదురుతుంది.