నిమ్మతోట గడ్డి మిషన్లకు ఏ గ్రీజు గన్ను మేలు?

ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక పొదలకూరు, రాపూరు వైపు నిమ్మతోటల్లో వరుసల మధ్య గడ్డి మోకాలెత్తు లేస్తుంది. ట్రాక్టరు స్లాషరుతో వరుసలు, బ్రష్ కట్టరుతో పాదుల చుట్టూ కోయిస్తారు. బ్లేడు పదును అందరూ చూస్తారు. గ్రీజు సంగతి మాత్రం బేరింగు కూత పెట్టేదాకా గుర్తుకు రాదు.

మిషన్లలోకి గ్రీజు ఎక్కించడానికి చేతికి పట్టే గన్నులు మూడు రకాలు: రెండు చేతులతో కొట్టే లీవరు గన్ను, ఒంటి చేత్తో నొక్కే పిస్టల్ గన్ను, బ్యాటరీ గన్ను. ఒక ట్రాక్టరు, ఒక స్లాషరు ఉన్న తోటకు లీవరు గన్నే సరైనది. కాకపోతే దానికి ఇనుప పైపు బదులు అడుగున్నర రబ్బరు హోసు వేయించుకోవాలి. ట్రాక్టరు నుంచి స్లాషరును తిప్పే పీటీవో షాఫ్టులో కీలులా ఉండేది క్రాసు. దానికి గ్రీజు ఎక్కించే చిన్న మూతి, అంటే నిపుల్, యోకు (క్రాసును పట్టుకునే కొమ్ముల ముక్క) సందులో, గార్డు చాటున ఉంటుంది. అక్కడికి వంగని పైపు నేరుగా పోదు. గన్ను కొసన నిపుల్‌కు తగిలించే కప్లరు వంకరగా కూర్చుంటే గ్రీజు నిపుల్ పక్కనుంచి కారిపోతుంది. లోపలికి పోయిందనుకుని పని మొదలుపెడితే క్రాసు ఎండిపోయి విరుగుతుంది.

లీవరు గన్నుకు మేలు చేసేది చేతికి తెలిసే బిగువు. స్లాషరు స్పిండిల్‌కు (బ్లేడు తిరిగే ఇరుసుకు) రెండు మూడు స్ట్రోకులు కొట్టేసరికి లీవరు బరువెక్కుతుంది. అక్కడ ఆపాలి. ఇంకా బలం పెడితే బేరింగును మూసి కాచే సీలు పెదవి బయటికి తన్నుకొస్తుంది, ఆ సందులోంచి దుమ్ము, తడి లోపలికి పోతాయి. బరువెక్కిన లీవరు ఉన్నట్టుండి తేలికైతే సీలు పోయిందో, కప్లరు జారిందో అని వెంటనే చూడాలి. చిక్కల్లా ఒక్కటే: రెండు చేతులూ గన్నుకే సరిపోతాయి, కప్లరు పట్టుకోవడానికి చెయ్యి మిగలదు. పిడి నొక్కితే నిపుల్‌ను పట్టుకుని ఉండే లాకింగ్ కప్లరు వేయించుకుంటే ఆ బాధ తీరుతుంది.

పిస్టల్ గన్నుకు ఉన్న సుఖం సరిగ్గా అదే, ఇంకో చెయ్యి ఖాళీగా ఉంటుంది. అయితే స్ట్రోకుకు వచ్చే గ్రీజు తక్కువ. నిపుల్ కాస్త బిగుసుకుని ఉంటే వేళ్లు పీకుతాయి. కూర్చుని కోసే చిన్న లాన్ మోవరు ఒక్కటే ఉన్నవాళ్లకు ఇది చాలు. బ్యాటరీ గన్ను ఖరీదు వీటికి ఎన్నో రెట్లు. పైగా ట్రిగ్గరు నొక్కితే ఎంత పోతోందో చేతికి తెలియదు, సీలు పోయాకే తెలుస్తుంది. రోటవేటరు, స్లాషరు, లోడరు అన్నీ పెట్టుకుని అద్దెకు తిప్పేవాళ్లకైతే రోజుకు పదుల నిపుల్స్ ఉంటాయి గనక డబ్బుకు తగ్గ పని చేస్తుంది. పెద్ద డబ్బాలోంచి గ్రీజు తోడే బకెట్ పంపు వరికోత మిషన్ల వాళ్లది, తోటకు అక్కర్లేదు.

ఏ గన్ను కొన్నా ముందు అది స్ట్రోకుకు ఎన్ని గ్రాముల గ్రీజు ఇస్తుందో తెలుసుకోవాలి. కాగితం మీద పది స్ట్రోకులు కొట్టి, చిల్లర కొట్టు కాటా మీద తూచి పదితో భాగించాలి. చాలా లీవరు గన్నులు స్ట్రోకుకు సుమారు ఒక గ్రాము ఇస్తాయి. క్రాసుకు లెక్కతో పనిలేదు, ఎనిమిది గంటల పనికోసారి దాని కొనల మీది నాలుగు బేరింగు టోపీల దగ్గరా కొత్త గ్రీజు కనబడేదాకా కొట్టాలి. మూడు చోట్ల వచ్చి నాలుగో చోట రాకపోతే ఆ దారి మూసుకుపోయినట్టే, క్రాసు విప్పి శుభ్రం చేయాలి.

బ్రష్ కట్టరు గేరు పెట్టెకు ఏ గన్నూ వద్దు. చాలా కట్టర్లలో నిపుల్ ఉండదు, పక్కన ప్లగ్గు ఉంటుంది. పాతిక గంటలకోసారి అది విప్పి చూసి, గ్రీజు కనబడకపోతే ట్యూబుతో 5 నుంచి 10 గ్రాములు పిండితే చాలు. పెట్టె నిండా కూరితే వేడెక్కుతుంది.

గ్రీజు అడిగితే దుకాణంలో తరచుగా ఏపీ-3 చేతిలో పెడతారు. అది గట్టి రకం, చక్రాల బేరింగులకు చేత్తో కూరడానికి బాగుంటుంది. గన్నుకు, అందులోనూ హోసు ఉన్నదానికి, లిథియం ఈపీ-2 మేలు. మెత్తగా కదులుతుంది, బరువు దెబ్బలకూ ఆగుతుంది. రంగు చూసి రకం అనుకోవద్దు, డబ్బా మీద రాసింది చదవాలి. పొంతన లేని రెండు రకాలు కలిస్తే నీళ్లలా పలచబడి కారిపోవచ్చు.

కొత్త గన్ను పనిచేయడం లేదని తిరిగి ఇచ్చేవాటిలో చాలావాటికి జబ్బు గాలే. వెనక రాడ్డు పూర్తిగా లాగి లాక్ చేసి, తల విప్పి, గ్రీజును చేత్తో అదిమి అదిమి సందు లేకుండా నింపాలి. తల రెండు చుట్లు వదులుగానే ఉంచి రాడ్డు వదిలి నెట్టాలి. తల బిగించే మర చుట్ల దగ్గర బుసబుసమని గాలి పోయి గ్రీజు కనబడ్డాక బిగించాలి. గన్నుకు గాలి వదిలే స్క్రూ ఉంటే పని ఇంకా తేలిక.

ఇసుక నేలల్లో నిపుల్ తల మీద దుమ్ము పట్టే ఉంటుంది. గుడ్డతో తుడవకుండా కప్లరు పెడితే ఆ ఇసుకను మనమే బేరింగులోకి తోసినట్టు. నిపుల్ గుండు బిగుసుకుంటే డీజిల్లో కడిగి చూడాలి, కదలకపోతే కొత్తది వేయాలి. హోసు ఉబ్బినా చీలినా ఆరోజే మార్చాలి. కారుతున్న చోట వేలు అడ్డం పెట్టకూడదు. ఆ ఒత్తిడికి గ్రీజు చర్మంలోకి దూరుతుంది. పైకి సూదిపోటులా చిన్న గాయమే కనబడినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లి, గ్రీజు గన్ను దెబ్బ అని డాక్టరుకు చెప్పాలి.

పని అయ్యాక రాడ్డు వెనక్కి లాగి లాక్ చేసి నీడలో పెట్టాలి. స్ప్రింగు నొక్కుతూనే ఉంటే, ఎండాకాలంలో రేకుల షెడ్డు కింద గ్రీజులోంచి నూనె విడిపోయి నేలంతా కారుతుంది, గన్నులో గట్టి పిప్పి మిగులుతుంది.