మూడేళ్లు వాడిన బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్: నా గొడవంతా ఆ ఎర్ర రంగుతోనే

ఈ సర్వీసులు ఏం చేస్తాయో మీకు తెలిసిందే కాబట్టి అది వదిలేస్తున్నా. మనం ఉద్యోగంలోకి తీసుకోబోయే మనిషి చదువు, పాత ఉద్యోగం, చిరునామా, కేసులు చూసి రిపోర్టు పంపుతారు, అంతే. పేరు చెప్పను, ఎందుకంటే దీనికి ముందు వాడిన ఇంకోదాంట్లోనూ ఇదే జబ్బు. నాకు మంట అంతా రిపోర్టు మొదటి పేజీలో కనిపించే ఆ రంగు మీదే.

ఆకుపచ్చ అయితే అంతా సరిగ్గా ఉన్నట్టు, ఎరుపు అయితే ఏదో తేడా ఉన్నట్టు. మేం ఉన్నదే 38 మందిమి, ఏడాదికి పది పన్నెండు మందిని తీసుకుంటాం, ఆ పని కూడా నా అసలు పనికి తోడు నా నెత్తినే పడింది. 11 పేజీల రిపోర్టు ఎవడు చదువుతాడు? రంగు చూసేవాణ్ణి, ఫైల్లో పెట్టేసేవాణ్ణి. రెండేళ్లు హాయిగా గడిచిపోయాయి.

తర్వాత అకౌంట్స్‌లోకి ఒకావిడను ఎంచుకున్నాం. ఇంటర్వ్యూలో ఇచ్చిన లెక్కల్లో నేను కావాలని వదిలిన తప్పును ఇరవై నిమిషాల్లో పట్టేసింది, పైగా నాకే తెలియని ఇంకో తప్పు కూడా చూపించింది. ఆఫర్ ఇచ్చాం, ఆవిడ అక్కడ రాజీనామా పెట్టేసింది. జాయినింగ్‌కి తొమ్మిది రోజులుందనగా రిపోర్టు వచ్చింది. ఎరుపు. కింద ఒక్క లైను, "గత ఉద్యోగం ధ్రువీకరణ కాలేదు" అని. అప్పుడే ఆవిడకి ఫోన్ చేసి అడగాల్సింది. అడగలేదు, ఇప్పటికీ తలచుకుంటే సిగ్గేస్తుంది. డైరెక్టర్‌గారికి ఫార్వర్డ్ చేశాను. ఆయనా రంగే చూశారు. "మనకెందుకండీ ఈ రిస్కు" అన్నారు. ఆఫర్ ప్రస్తుతానికి ఆపుతున్నామని ఆవిడకి రెండు లైన్ల మెయిల్ కొట్టాను, కారణం కూడా రాయలేదు.

నాలుగు రోజులకి ఆవిడే ఫోన్ చేసింది. అరవలేదు. "సర్, రిపోర్టులో ఏముందో ఒక్కసారి చెప్తారా" అంది, అంతే. అప్పుడు కూర్చుని చదివాను. ఏడో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది, పాత కంపెనీ హెచ్ఆర్‌కి రెండు మెయిళ్లు పంపాం, జవాబు రాలేదు, కేసు ముగించాం అని. ఆ కంపెనీ అప్పటికే ఇంకో కంపెనీలో కలిసిపోయింది, ఆ మెయిల్ ఐడీయే పనిచేయట్లేదు. ఆవిడ అరగంటలో పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ పంపింది. అంటే దొంగ సర్టిఫికెట్ పెట్టినవాడికీ, పాత కంపెనీ జవాబివ్వని మనిషికీ వీళ్ల దగ్గర ఒకటే రంగు! సపోర్ట్‌ని అడిగితే "అది డిఫాల్ట్ సెట్టింగ్ అండీ, మీరు మార్చుకోవచ్చు" అన్నారు. రిపోర్టు ఆకుపచ్చ అయితేనే అని మా డైరెక్టర్‌గారు పట్టుబట్టారు, కేసు మళ్లీ తెరిచి రంగు మార్చడానికి వీళ్లకి 8 రోజులు పట్టింది, ఈలోగా ఆవిడ వేరేచోట చేరిపోయింది. మూడు నెలలు ఆ సీటు ఖాళీ. నెలాఖరు లెక్కలు రాత్రుళ్లు కూర్చుని నేనే చేశాను.

మొదటి ఏడాది వీళ్లని తెగ పొగిడాను, ఐదు రోజుల్లో రిపోర్టు ఇచ్చేస్తారు, స్పీడంటే ఇదీ అని. ఆ మాట అబద్ధం కాదు గానీ, ఆ స్పీడు ఎక్కడినుంచి వస్తోందో ఇప్పుడు తెలిసింది. ఐదో రోజుకి జవాబు రాకపోతే మూసేస్తారు.

అలాగని పనికిరాదనను. ఒకసారి ఒకాయన డిగ్రీ మీదున్న రిజిస్ట్రేషన్ నంబరు వేరే మనిషిదని వీళ్లు యూనివర్సిటీ నుంచే రాయించి తెచ్చారు, అది నావల్ల జన్మలో అయ్యేది కాదు.

ఇప్పుడు "ధ్రువీకరణ కాలేదు"ని పసుపు చేశాను. ఏ తేడా వచ్చినా కాపీ ముందు క్యాండిడేట్‌కి పంపి ఐదు పనిదినాలు ఆగుతాం. అమెరికాలో ఇలాంటి ఏజెన్సీ రిపోర్టు చూసి ఉద్యోగం కాదనాలంటే, ముందు ఆ కాపీ మనిషి చేతికివ్వాలని ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్ట్‌లోనే ఉందట, నేను దెబ్బ తిన్నాక చదివాను. ఇంకోటి కూడా అప్పుడే చదివాను. 1998లో ష్మిట్, హంటర్ అని ఇద్దరు 85 ఏళ్ల పరిశోధనలు కలిపి చూశారు. మనిషి ఎలా పనిచేస్తాడో ముందే చెప్పడంలో ఎన్నేళ్ల అనుభవం ఉందన్నదానికి 0.18 వచ్చింది (0 అంటే అసలు సంబంధమే లేనట్టు, 1 అంటే పక్కాగా చెప్పేసినట్టు), అందరినీ ఒకే ప్రశ్నలు ఒకే పద్ధతిలో అడిగే ఇంటర్వ్యూకి 0.51. 2022లో వేరేవాళ్లు మళ్లీ లెక్కేస్తే ఆ ఇంటర్వ్యూ 0.42కి తగ్గింది గానీ, పైన నిలిచింది అదే. మేం మాత్రం ఇరవై నిమిషాలు కళ్లారా చూసింది పక్కనపెట్టి రంగును నమ్మాం.

ఇంకో ఏడాదికి రెన్యువల్ చేశాను, సగం బద్ధకంతోనే. రిపోర్టులు చదవడానికి ప్రత్యేకంగా మనిషి ఉన్న పెద్ద సంస్థలకి ఇది బాగానే సరిపోవచ్చు. నాలా ఒక్కరే అన్నీ చూసుకునేవాళ్లయితే, కొన్న రోజే సెట్టింగుల్లో రిపోర్టు రంగుల పేజీ తెరిచి చూడండి. నాలుగు మెనూల లోపల దాచారు.